హెడ్‌లైట్ల మసక: పునరుద్ధరణ, రక్షణ

వాహనం ముందు దీపాలను కప్పి ఉంచే పారదర్శకమైన ప్లాస్టిక్ కవచం ఎండకూ దుమ్ముకూ రాపిడికీ లోనై, పసుపుగానో తెల్లగానో మారి వెలుతురును అడ్డుకునే స్థితే హెడ్‌లైట్ మసక. కవచం, దాని వెనక రిఫ్లెక్టరు, బల్బు గూడు కలిసిన మొత్తాన్ని మెకానిక్ షెడ్డుల్లో ‘డూమ్’ అంటారు.

చూడ్డానికి మురికి పట్టినట్టే ఉంటుంది గానీ సబ్బు నీళ్లకు ఇది పోదు. కంపెనీలో వేసిన రక్షణ పూత అరిగిపోయి, కిందనున్న ప్లాస్టిక్ ఎండకు బయటపడటం వల్ల వచ్చే మార్పు ఇది. కాబట్టి పునరుద్ధరణలో రెండు పనులున్నాయి. పాడైన పొరను అరగదీసి తీసెయ్యాలి, ఆ స్థానంలో కొత్త పూత వెయ్యాలి. మొదటి పని మాత్రమే చేసి వదిలేస్తే దీపం ఆ రోజుకు తళతళలాడినా కొద్ది నెలల్లోనే మళ్లీ పసుపెక్కుతుంది. బజారులో చలామణీ అయ్యే చిట్కాలలో ఎక్కువ భాగం ఈ రెండో పనిని వదిలేసినవే.

చరిత్ర: గాజు నుంచి ప్లాస్టిక్‌కు

ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం కార్ల దీపాలకు గాజే వాడారు. అమెరికాలో 1940 మోడళ్ల నుంచి 7 అంగుళాల గుండ్రటి ‘సీల్డ్ బీమ్’ దీపం తప్పనిసరి అయింది. ఫిలమెంటు, రిఫ్లెక్టరు, గాజు ఒకే ముక్కగా ఉండేవి. ఫిలమెంటు పోతే మొత్తం దీపాన్నే మార్చేవారు గనుక కవచం పాతబడే సమస్యే ఉండేది కాదు. మన రోడ్ల మీద తిరిగిన, ఉత్తరపారాలో 2014 దాకా తయారైన అంబాసిడర్ కారుకు చివరి వరకూ గుండ్రటి దీపాలే. ఇరవై ఏళ్లు ఎండలో నిలిపిన అంబాసిడర్‌కు రంగు వెలిసేది, రేకు తుప్పు పట్టేది, రిఫ్లెక్టరు నల్లబడేది. దీపం అద్దం మాత్రం పసుపెక్కేది కాదు.

గాజు స్థానాన్ని ఆక్రమించిన పదార్థం పాలికార్బనేట్. 1953లో జర్మనీలోని బేయర్ సంస్థలో హెర్మన్ ష్నెల్, అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్‌లో డేనియల్ ఫాక్స్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే దీన్ని కనుగొన్నారు. మాక్రొలాన్, లెక్సాన్ అన్నవి ఆ రెండు సంస్థల వాణిజ్య నామాలు. గాజు సాంద్రతలో దీనిది సగం కన్నా తక్కువ. రాయి తగిలితే పగిలి చెదరదు. కోరిన వంపులో అచ్చు పోయవచ్చు. ఫోర్డ్ వినతిపై 1983లో అమెరికా నిబంధనలు సడలించాక, 1984 మోడల్ లింకన్ కాంటినెంటల్ మార్క్ 7 ప్లాస్టిక్ కవచపు కొత్తతరం దీపాలతో వచ్చింది. ఐరోపా 1990లలో ఆ దారి పట్టింది. భారతదేశంలో 1990ల చివరి నుంచి వచ్చిన కొత్త మోడళ్లతో ప్లాస్టిక్ కవచం మామూలైపోయింది.

అదే కాలంలో మరో మార్పు కూడా వచ్చింది. పాత గాజు మీద నిలువు గాడులు ఉండేవి, వెలుతురును పరిచే పని వాటిదే. తర్వాతి దీపాలలో ఆ పని రిఫ్లెక్టరుకూ లోపలి కటకానికీ మారి, పై కవచం గాడులు లేని నునుపు తొడుగైంది. గాడుల గాజు మీద దాగే చిన్న మరక నునుపు ప్లాస్టిక్ మీద దూరం నుంచే కనిపిస్తుంది.

మసక పట్టే తీరు

పాలికార్బనేట్‌కు రెండు బలహీనతలున్నాయి. మెత్తనిది కావడంతో త్వరగా గీతలు పడతాయి. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుంటుంది. అందుకే తయారీలోనే కవచం మీద సిలికోన్ లేదా అక్రిలిక్ జాతి గట్టి పూత వేస్తారు. దాని మందం కొద్ది మైక్రాన్ల నుంచి పదీ ఇరవై మైక్రాన్ల లోపే, అంటే తల వెంట్రుక మందంలో చిన్న భాగం. అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే రసాయనాలు ఆ పూతలోనే ఉంటాయి. దీపం ఆయుష్షంతా ఈ పలచని పొర మీదే ఆధారపడి ఉంటుంది.

ఏళ్ల తరబడి ఎండ తగిలితే ఆ రసాయనాలు ఖర్చయిపోతాయి. పూత పెళుసుబారి వెంట్రుకవాసి పగుళ్లు ఇస్తుంది, అంచుల్లో పొలుసులుగా లేస్తుంది. అక్కడి నుంచి కిరణాలు ప్లాస్టిక్‌ను చేరి అణుగొలుసులను తెంచుతాయి. రసాయన శాస్త్రంలో ఫోటో-ఫ్రీస్ మార్పు, ఫోటో-ఆక్సీకరణ అని పిలిచే చర్యల ఫలితంగా పసుపు రంగు పదార్థాలు పుడతాయి. ఈ నష్టం పైపైనే ఉంటుంది, లోపలి ప్లాస్టిక్ చాలావరకు బాగానే ఉంటుంది. అరగదీస్తే బాగుపడటానికి కారణం ఇదే.

ఎండకు తోడు ఇంకొన్ని చేరతాయి. ముందు పోయే లారీ టైరు ఎగరేసే కంకర, పొడి గుడ్డతో దుమ్ము తుడిచే అలవాటు, కారు కడిగే చోట వాడే ఘాటైన క్షార ద్రావణాలు పూతను ముందే బలహీనపరుస్తాయి. ఒకే కారుకు ఒక దీపం పసుపెక్కి రెండోది బాగుంటే, ఆ బండిని రోజూ ఏ వైపు ముఖం పెట్టి నిలుపుతారో చూస్తే కారణం తరచు అక్కడే దొరుకుతుంది.

ప్రాంతీయ స్థితి: కె.కోటపాడు, చోడవరం పరిసరాలు

కె.కోటపాడు మండలం 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడే వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఉత్తర అక్షాంశం 18 డిగ్రీలకు కాస్త దిగువన ఉన్న ఈ ప్రాంతంలో మార్చి నుంచి మే దాకా మధ్యాహ్నపు ఎండ తీవ్రమైనది. అతినీలలోహిత సూచికలో 11, ఆపైన ఉంటే ‘అత్యంత తీవ్రం’ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ. ఈ అక్షాంశాల వేసవికి ఆ స్థాయి కొత్త కాదు. పల్లెల్లో కారుకు షెడ్డు ఉన్న ఇళ్లు తక్కువ. ఇంటి ముందో, వీధి మలుపులోనో, బస్టాండు దగ్గర టాక్సీ వరుసలోనో బండి పొద్దంతా ఎండలోనే ఉంటుంది.

సముద్రం ఇక్కడికి దగ్గరే గనుక ఉప్పుగాలి వల్లే దీపాలు పాడవుతున్నాయని ఒక నమ్మకం. ఉప్పు పాలికార్బనేట్‌ను నేరుగా కొరకదు. అది దెబ్బతీసేది దీపం వెనకనున్న లోహపు క్లిప్పులనూ వైరింగు కనెక్టర్లనూ. కవచానికి అసలు శత్రువు ఎండ, దాని తర్వాత దుమ్ము. జిల్లాలోని రాతి క్వారీల వైపు తిరిగే బండ్లకు రెండోది మరీ ఎక్కువ.

మసక వల్ల వచ్చే చిక్కు రాత్రిపూట తెలుస్తుంది. చోడవరం మీదుగా వెళ్లే భీమునిపట్నం–నర్సీపట్నం రోడ్డు, మాడుగుల మీదుగా పాడేరు ఎక్కే ఘాట్ రోడ్డు వీధి దీపాలున్న నగరపు రోడ్ల లాంటివి కావు. గోవాడ సహకార చక్కెర కర్మాగారంలో క్రషింగ్ నడిచే సీజన్లలో చెరకు ట్రాక్టర్లు రాత్రింబవళ్లు తిరుగుతాయి. చెరకు ట్రక్కు పక్కలకు, వెనక్కు పొడుచుకొచ్చి, వెనక దీపాన్నో రిఫ్లెక్టరునో కప్పేస్తుంది. అలాంటి బండి వెనక వచ్చే కారుకు సొంత హెడ్‌లైటే దిక్కు. శీతాకాలంలో పాడేరు, లంబసింగి వైపు దట్టమైన పొగమంచు పడుతుంది. మసకబారిన కవచం చెదరగొట్టే కాంతి ఆ మంచు మీద పడి డ్రైవరు కళ్ల ముందు తెల్లటి గోడలా నిలుస్తుంది.

వెలుతురుపై ప్రభావం

మసక రెండు రకాలుగా నష్టం చేస్తుంది. ముందుకు వెళ్లే వెలుతురు తగ్గుతుంది, మిగిలినది పక్కలకూ పైకీ చెదిరిపోతుంది. డిప్ వెలుతురుకు పైన ఒక గీత గీసినట్టు హద్దు ఉంటుంది, ఎదుటివారి కళ్లలో పడకుండా ఆపేది ఆ హద్దే. కవచం మసకబారితే అది చెరిగిపోతుంది. తన బండికి వెలుతురు లేదని డ్రైవరు విసుక్కుంటూ ఉండగానే, ఎదురుగా వచ్చేవాడు కళ్లు చికిలిస్తుంటాడు.

అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2018లో ప్రకటించిన పరీక్షల్లో, పదేళ్ల పైబడిన రెండు కార్ల పసుపెక్కిన దీపాలు డిప్‌లో కొత్త దీపపు వెలుతురులో 22 శాతమే ఇచ్చాయి. పాలిష్ చేసి పునరుద్ధరించాక అది సుమారు 70 శాతానికి చేరింది. కంపెనీ అసలు విడిభాగం వేస్తే పూర్తి వెలుతురు, ఇతర తయారీదారుల విడిభాగాలతో 83 నుంచి 90 శాతం వచ్చాయి. పునరుద్ధరణ విలువనూ దాని పరిమితినీ ఈ అంకెలు చెబుతాయి.

వెలుతురు చాలడం లేదని బల్బు మార్చేవారు చాలామంది. మామూలు హెచ్4 బల్బు శక్తి 60/55 వాట్లు. దాని స్థానంలో 100/90 వాట్లది బిగిస్తే వేడి పెరిగి రిఫ్లెక్టరు మెరిసే పూత పొగచూరుతుంది, హోల్డరు కరుగుతుంది. హాలోజన్ కోసం చేసిన డూమ్‌లో ఎల్‌ఈడీ బల్బు పెట్టి, పైన మసక అలాగే ఉంచితే ఎదుటివారికి కళ్లు చెదరడం మరింత పెరుగుతుంది. కవచం సంగతి చూడకుండా బల్బు జోలికి పోవడం వరస తప్పిన పని.

మసకలో రకాలు

పైపూత పసుపెక్కడం, పొలుసులుగా లేవడం, కంకర దెబ్బల గుంటలు, సన్నటి గీతలు — ఇవి బయటి లోపాలు, పునరుద్ధరణకు లొంగుతాయి. ప్లాస్టిక్ మందంలోకి సాలెగూడులా దిగిన పగుళ్లు లొంగవు. వేలిగోటితో నిమిరితే పైన నునుపుగా ఉండి, వెలుతురులో పట్టి చూస్తే లోపల మెరిసే గీతలు అలాంటివి.

లోపలి చెమ్మ వేరే సంగతి. వాన వెలిశాక పలచగా ఆవిరి పట్టి, దీపం వెలిగిన కాసేపటికి పోతే అది దీపానికుండే గాలిగొట్టం ద్వారా జరిగే మామూలు విషయం. నీటి బొట్లు నిలిస్తే వెనక రబ్బరు మూతో, అంచు సీలో పోయినట్టు. అలాంటి దీపానికి బయట ఎంత పాలిష్ చేసినా ప్రయోజనం లేదు.

ఏది బాగుపడుతుందో తెలుసుకోవడానికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. కడిగిన కవచం మీద మంచినీళ్లు పోసి, అది తడిగా ఉన్నంతసేపూ గమనించాలి. నీటి పొర పైనున్న గరుకును పూడ్చేస్తుంది గనుక బయటి మసక తాత్కాలికంగా మాయమవుతుంది. తడిలో తేటగా కనిపించిన దీపం అరగదీసి పూత వేశాక తేటపడుతుంది. తడిలోనూ మసకగానే ఉంటే లోపం లోపలిది. కొబ్బరి నూనె, కిరోసిన్ రాస్తే కొత్తదానిలా మెరవడం వెనక రహస్యమూ ఇదే. నూనె ఆరగానో, దుమ్ము పట్టగానో ఆ మెరుపు పోతుంది.

పునరుద్ధరణ విధానం

పని నీడలో, దీపం ఆర్పి చల్లబడ్డాక మొదలుపెట్టాలి. కార్ షాంపూతో కడిగి ఆరబెట్టి, చుట్టూ పెయింటు మీద మాస్కింగ్ టేపు రెండు వరుసలు అంటించాలి. ఒక్క వరుసైతే తడి కాగితం అంచు తగిలి చినుగుతుంది, బానెట్ రంగు గీసుకుపోతుంది.

అరగదీతకు పెయింటింగ్ షెడ్డుల్లో వాడే వాటర్ పేపరే వాడతారు. పూత పొలుసులుగా లేచి ఉంటే 600 లేదా 800 నంబరుతో, పసుపు మాత్రమే అయితే 1000తో మొదలుపెట్టి 1500, 2000, 3000 వరకు వెళతారు. కాగితాన్ని ముందే కాసేపు నానబెట్టాలి, పనంతా నీళ్లు చల్లుతూనే సాగాలి. నీరు ప్లాస్టిక్‌ను వేడెక్కనివ్వదు, పొడిని గాలిలోకి లేవనివ్వదు.

మొదటి కాగితం కింద కారే నీరు పసుపు కలిసిన పాలలా వస్తుంది. అది పాత పూత. రుద్దేకొద్దీ పసుపు విరిగి నీరు ఉత్త తెల్లగా మారితే పూత పూర్తిగా పోయి, తాజా ప్లాస్టిక్ తగులుతోందన్నమాట. అనుభవం ఉన్న పనివాడు దీపాన్ని కన్నా ఆ నీటినే ఎక్కువ చూస్తాడు. పసుపు మచ్చలు మిగిలి ఉండగానే తర్వాతి నంబరుకు పోతే అవి చివరిదాకా అలాగే ఉండిపోతాయి. ఒక కాగితంతో అడ్డంగా రుద్దితే తర్వాతి దానితో నిలువుగా రుద్దడం మంచి పద్ధతి. ముందటి గీతలు పూర్తిగా పోయాయో లేదో అప్పుడే తెలుస్తుంది. ఈ దశలో దీపం మొదటికన్నా తెల్లగా, మరీ అధ్వానంగా కనిపిస్తుంది. కొత్తవారు కంగారుపడి ఆపేసేది ఇక్కడే.

3000 తర్వాత కాంపౌండు, ఆపై సన్న పాలిష్. చేత్తో చెయ్యవచ్చు గానీ శ్రమ ఎక్కువ. బఫింగ్ మెషీను వాడితే వేగం తగ్గించి, ప్యాడును ఒకేచోట నిలపకుండా కదుపుతూ ఉండాలి. పాలికార్బనేట్ 147 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది. రాపిడి వేడి ఒక బిందువు దగ్గర కూడితే ప్లాస్టిక్ సాగి ముడతపడుతుంది, దానికి ఇక మందు లేదు. చివరిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జిడ్డు తుడిచి, వేలు తగలనివ్వకుండా పూతకు సిద్ధం చెయ్యాలి. స్ప్రే పూత వేసేట్టయితే పాలిష్ దాకా పోకుండా, పూత డబ్బా మీద సూచించిన నంబరు దగ్గరే ఆపుతారు. మరీ నున్నని ఉపరితలం మీద ఆ పూత సరిగా పట్టదు, కాగితం మిగిల్చిన సన్న గీతలను పూతే పూడుస్తుంది.

కంటికి అద్దాలు, చేతులకు గ్లవ్స్ అవసరం. జెనాన్ దీపాలు వెలిగే క్షణంలో వేల వోల్టుల విద్యుత్తు పుడుతుంది గనుక వాటిని విప్పాల్సి వస్తే బ్యాటరీ కనెక్షను తీసి, తెలిసినవారితోనే చేయించాలి.

వాడకూడనివి

టూత్‌పేస్టు మెత్తటి అరగదీత పదార్థమే. పలచటి మసకను కొంత తీస్తుంది, పూత మాత్రం ఇవ్వదు. దానివల్ల పెద్ద హాని లేదు, పెద్ద మేలూ లేదు. దోమల నివారణ స్ప్రే సంగతి అలా కాదు. అందులోని డీట్ రసాయనం ప్లాస్టిక్ పై పొరను కరిగించి క్షణాల్లో మెరిపిస్తుంది. ఆ కరిగిన పొర జిగటగా మారి దుమ్మును పట్టుకుంటుంది, తర్వాత పగుళ్లిస్తుంది. పెట్రోలు, థిన్నర్, అసిటోన్‌లతో తుడవడమూ అంతే. ఎండకు బిగుసుకున్న పాలికార్బనేట్ వాటి తాకిడికి సన్నటి పగుళ్లు ఇస్తుంది. అమ్మోనియా కలిసిన అద్దాల క్లీనర్లు కూడా ఈ ప్లాస్టిక్‌కు పడవు.

మూతి గొట్టం ఉన్న కప్పులో ద్రవాన్ని వేడి చేసి, ఆవిరి పట్టించి నిమిషంలో దీపాన్ని తేటపరిచే పద్ధతి ఇటీవల వాడుకలోకి వచ్చింది. చూసేవారికి ఇంద్రజాలంలా ఉంటుంది. ఆ ద్రవాల్లో తరచు ఉండేది డైక్లోరోమీథేన్ లేదా క్లోరోఫాం, పాలికార్బనేట్‌ను కరిగించే ద్రావకాలు. పై పొర కరిగి పొర్లి గీతలు పూడుతాయి, లోపల ఒత్తిడి మిగిలి కొన్నాళ్లకు పగుళ్లుగా బయటపడుతుంది. అంతకుమించిన సమస్య మనిషికి. డైక్లోరోమీథేన్ ఆవిరి పీలిస్తే శరీరంలో అది కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. క్లోరిన్ ఉన్న ఈ ఆవిర్లు మంటకో ఎర్రగా కాలిన లోహానికో తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టే వీలుంది. మూసిన షెడ్డులో, మూతికి జేబురుమాలు కట్టుకుని చేసే పని కాదిది.

రక్షణ పూతలు

మైనం చవక, కొద్ది వారాలు నిలుస్తుంది. సిరామిక్ అనే పేరుతో అమ్మే ద్రవాలు నీటిని జార్చి దుమ్మును తగ్గిస్తాయి. అతినీలలోహిత రక్షణ ఉందో లేదో సీసా మీద చూసుకోవాలి, పేరు చూసి నమ్మడం సరికాదు. అతినీలలోహిత దీపంతోనో ఎండతోనో గట్టిపడే పూతలు కంపెనీ పూతకు దగ్గరగా పనిచేస్తాయి.

పెయింటింగ్ షెడ్డుల్లో సులభంగా దొరికేది హార్డెనర్ కలిపి కొట్టే ‘క్లియర్’ అనే రంగులేని పూత. సరిగా వేస్తే ఏళ్ల తరబడి నిలుస్తుంది. హార్డెనర్‌లోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు ప్రమాదకరం, ఒకసారి పడకపోవడం మొదలైతే కొద్దిపాటి ఆవిరికే ఆయాసం వస్తుంది. గుడ్డ మాస్కు వాటిని ఆపదు. బయటి స్వచ్ఛమైన గాలి అందించే మాస్కు ఉన్న చోటే ఆ పని చేయించాలి.

పారదర్శకమైన పాలియురెథేన్ ఫిల్మ్ ఎండతో పాటు కంకర దెబ్బనూ కాచుకుంటుంది. పాడైతే ఊడదీసి కొత్తది అంటించవచ్చు, ప్లాస్టిక్‌ను మళ్లీ అరగదీయనవసరం లేదు. క్వారీ లారీల వెనక తిరిగే బండికి ఇది బాగా నప్పుతుంది. నల్లటి, పొగరంగు ఫిల్ములు దీపాన్ని మసక చేసే పనే చేస్తాయి, వాటిని రక్షణ అనలేం.

పూతలన్నిటికన్నా చవకైనది నీడ. వేప చెట్టు కిందో, ఇంటి నీడ పడే వైపో బండి ముఖం తిప్పి నిలపడం, బానెట్ మీదుగా దీపాలను కప్పే మందపాటి గుడ్డ వెయ్యడం పూత ఆయుష్షును పెంచుతాయి. గుడ్డ వేసే ముందు దుమ్ము కడగాలి, లేకుంటే గాలికి అదే గుడ్డ వాటర్ పేపరులా రుద్దుతుంది.

మార్చవలసినప్పుడు

లోతు పగుళ్లు, లోపలి మసక, నల్లబడిన రిఫ్లెక్టరు, విరిగిన బిగింపు చెవులు ఉన్న దీపాన్ని మార్చడమే దారి. ఒకే దీపాన్ని పలుమార్లు అరగదీస్తే కవచం పలచబడి, ఉపరితలం అలలుగా మారి కాంతి వంకర పోతుంది. దీపం విప్పి బిగించాక గురి సరిచూడాలి. సమతలమైన చోట బండిని గోడకు ఎదురుగా నిలిపి చూస్తే, 10 మీటర్ల దూరంలో డిప్ హద్దు దీపం ఎత్తుకన్నా సుమారు 10 సెంటీమీటర్లు దిగి ఉండటం సాధారణ కొలత.

చట్టం, ప్రమాణాలు

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 105వ నిబంధన ప్రకారం రాత్రివేళ బండి దీపాలు 155 మీటర్ల దూరంలోని మనుషులను, వాహనాలను స్పష్టంగా చూపగలగాలి. 106వ నిబంధన కాంతి కళ్లు చెదరగొట్టకుండా కిందికి వంగి ఉండాలంటుంది. అందుకు తీసుకున్న కొలతల్లో దీపానికి 8 మీటర్ల దూరం, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో ఉండే కన్ను ఉన్నాయి. మసకబారిన దీపం ఈ రెంటినీ తప్పే అవకాశం ఉంది. టాక్సీ, ఆటో, లారీ వంటి రవాణా వాహనాలకు ఫిట్‌నెస్ తనిఖీలో దీపాలూ ఒక అంశం. కొత్త వాహనానికి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాలి. సొంత కార్లకు 15 ఏళ్ల తర్వాత రిజిస్ట్రేషను పునరుద్ధరించే వరకు అలాంటి తప్పనిసరి తనిఖీ లేదు. ఆలోగానే చాలా కార్ల కవచాలు పసుపెక్కుతాయి.

తయారీ దశలో మాత్రం పరీక్షలు కఠినంగానే ఉంటాయి. ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘం 112వ రెగ్యులేషనులో ప్లాస్టిక్ కవచాలకు ప్రత్యేక అనుబంధం ఉంది. ఉష్ణోగ్రత మార్పులు, కృత్రిమ ఎండ, రసాయనాలు, డిటర్జెంట్లు, ఇంధన ద్రవాలు, రాపిడి, పూత అంటుకునే బలం అన్నిటినీ పరీక్షిస్తారు. అమెరికా 108వ ప్రమాణం ప్రకారం ప్లాస్టిక్ నమూనాలను ఫ్లోరిడా తేమ ఎండలో, అరిజోనా పొడి ఎండలో మూడేళ్లు ఆరుబయట ఉంచి చూస్తారు. ఈ పరీక్షలన్నీ కొత్త దీపానికి, కంపెనీ పూతకు సంబంధించినవి. షెడ్డులో మళ్లీ వేసిన పూతకు ఇవి వర్తించవు. అది ఎంతకాలం నిలుస్తుందన్నది వేసిన పదార్థం, వేసిన తీరు, బండి నిలిపే చోటు మీద ఆధారపడుతుంది.